సెట్టుకో నంబరు, సిమ్ముకో పేరు



మీలో అరవై దాటిన వారికి రేడియో లైసెన్సు సంగతి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు మీరు నా మాటలు వింటున్నారే, ఇలాంటి రేడియో పెట్టె ఇంట్లో ఉండాలంటే ఆ రోజుల్లో పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి, లైసెన్సు పుస్తకం తెచ్చుకోవలసి వచ్చేది. ఏటేటా మళ్లీ డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం దానికి ఆధారం. 1980ల నడుమ ఆ లైసెన్సు పద్ధతి ఎత్తివేశారు. ఆ పుస్తకాలు కొందరి ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల అడుగున ఇప్పటికీ ఉన్నాయి.

ఆ లైసెన్సు గురించి ఒక మాట గమనించాలి. అది కేంద్ర ప్రభుత్వపు నిబంధన. కోలారులో ఉన్నా, హోసూరులో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా, సిరొంచలో ఉన్నా, యానాంలో ఉన్నా అదే పుస్తకం, అదే నియమం. సరిహద్దుకు ఇటు ఒక తీరు, అటు ఒక తీరు లేదు. ఇవాళ మన జేబుల్లో, కొంగు ముడుల్లో ఉన్న సెల్‌ఫోను విషయం కూడా అంతే. రేషను కార్డు రాష్ట్రానిది, బస్సు పాసు రాష్ట్రానిది, బడి పుస్తకం రాష్ట్రానిది. సెల్‌ఫోను నియమాలు మాత్రం దేశమంతటికీ ఒక్కటే. వాటిని గురించి ఈ రోజు మీతో నాలుగు మాటలు పంచుకుంటాను.

నేను కోలారు జిల్లాలో, సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక బడిలో తెలుగు, కన్నడం రెండూ చెప్పే ఉపాధ్యాయురాలిని. పిల్లల తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు బడికి వచ్చినప్పుడు ఏదో ఒక కాగితమో, ఫోనులో వచ్చిన ఏదో ఒక సందేశమో చూపించి, “టీచరమ్మా, ఇందులో ఏం రాశారో చదివి చెప్పు” అంటారు. ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. “మా సెల్లును గవర్నమెంటులో రిజిస్టరు చేయించాలంట, నిజమా?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఒక తేడా తెలుసుకోవాలి. మన చేతిలో ఉన్నది ఒకే వస్తువులా కనిపించినా, నిజానికి అందులో రెండు ఉన్నాయి. ఒకటి సెట్టు, రెండవది సిమ్ము. సెట్టుకు ఒక నంబరు ఉంటుంది. సిమ్ముకు ఒక మనిషి పేరు ఉంటుంది. బండిని తీసుకోండి. ఛాసిస్ మీద కంపెనీ కొట్టిన నంబరు వేరు, ఆర్.సి. పుస్తకంలో ఉన్న యజమాని పేరు వేరు. ఇదీ అలాంటిదే. మన దేశంలో సెట్టు నంబరును ప్రభుత్వం వద్ద నమోదు చేయవలసింది తయారు చేసే కంపెనీ, లేదా దిగుమతి చేసుకునే వ్యాపారి. దుకాణంలో బిల్లు తీసుకుని కొత్త సెట్టు కొన్న మనం మళ్లీ దాన్ని ఎక్కడా నమోదు చేయించనక్కరలేదు. టర్కీ వంటి దేశాలలో బయటి నుంచి తెచ్చుకున్న సెట్టును మనిషే స్వయంగా నమోదు చేయించుకోవాలి. అలాంటి చోట్ల ఉన్న బంధువుల మాట విని ఇక్కడా అదే పద్ధతి అనుకోవద్దు. మన వంతు సిమ్ము. అది ఎవరి పేరున ఉందన్నది మన బాధ్యత.

ముందు సెట్టు నంబరు సంగతి చూద్దాం.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆనాడు ఫోను ధనవంతుల వస్తువు. తర్వాత పదిహేనేళ్లు తిరగకుండానే అది కూలి చేసుకునే వారి చేతికీ వచ్చింది. దానితోపాటే నంబరు లేని చౌక సెట్లు కూడా వెల్లువలా వచ్చి పడ్డాయి. నంబరు లేని సెట్టుతో ఎవరు ఏ బెదిరింపు చేసినా పట్టుకోవడం కష్టం. అందుకని 2009లో ప్రభుత్వం అలాంటి సెట్ల దిగుమతిని ఆపింది. ఆ ఏడాది నవంబరు 30 తర్వాత సరైన నంబరు లేని సెట్లకు కంపెనీలు సేవ నిలిపివేశాయి. మన సంతలలో కొన్న సెట్లు ఆ డిసెంబరులో ఒక్కసారిగా మూగబోవడం కొందరికి జ్ఞాపకం ఉండవచ్చు.

ఆ నంబరును ఐ.ఎమ్.ఇ.ఐ. అంటారు. అందులో పదిహేను అంకెలు. మొదటి ఎనిమిది అంకెలు సెట్టు ఏ కంపెనీది, ఏ రకానిది అన్నది చెబుతాయి. తర్వాతి ఆరు అంకెలు ఆ రకం సెట్లలో ఇది ఎన్నవదో చెబుతాయి. చివరి అంకె మిగతా అంకెలు సరిగా ఉన్నాయో లేదో లెక్క కట్టి చూసుకోవడానికి. మీ ఊళ్లో ఒకే రకం సెట్లు వంద ఉన్నా, ఈ నంబరు ఏ రెండింటికీ ఒకటిగా ఉండకూడదు. రెండు సిమ్ములు పట్టే సెట్టుకైతే ఇలాంటి నంబర్లు రెండు ఉంటాయి.

మీ నంబరు తెలుసుకోవడం చాలా సులభం. ఫోను చేయడానికి అంకెలు నొక్కే చోట, వరుసగా స్టార్ గుర్తు, హ్యాష్ గుర్తు, సున్నా, ఆరు, మళ్లీ హ్యాష్ గుర్తు నొక్కండి. పచ్చ బొత్తాము నొక్కక ముందే నంబరు తెర మీద కనిపిస్తుంది. పాత బొత్తాల ఫోనులోనూ, కొత్త టచ్ ఫోనులోనూ ఇదే పద్ధతి. సెట్టు వచ్చిన అట్టపెట్టె మీద, బిల్లు మీద కూడా ఇది ఉంటుంది. దాన్ని ఒక కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా పెట్టుకోండి. ఆ ఫోనులోనే ఫొటో తీసి పెట్టుకుంటే ఏం లాభం? ఫోనుతో పాటు అదీ పోతుంది. రేషను కార్డు అట్ట లోపల రాయండి, పిల్లల నోటు పుస్తకం వెనుక రాయండి, కేలండరు మీద రాయండి. ఫోను పోయిన తర్వాత నంబరు కోసం వెతకడం, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే.

ఈ నంబరును చెరిపి వేరే నంబరు ఎక్కించడం నేరం. 2017లో దీని మీద ప్రత్యేకంగా నియమాలు వచ్చాయి. 2023 జనవరి 1 నుండి మన దేశంలో తయారయ్యే ప్రతి సెట్టు నంబరునూ మొదటి అమ్మకానికి ముందే కంపెనీ ప్రభుత్వ జాబితాలో నమోదు చేయాలన్న నియమం అమలులోకి వచ్చింది. నేను ఇందాక చెప్పిన 1885, 1933 సంవత్సరాల పాత చట్టాల స్థానంలో 2023లో పార్లమెంటు టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. 2024 జూన్ నుండి అది విడతల వారీగా అమలవుతోంది. సెట్టు నంబరు మార్చినా, మార్చిన నంబరని తెలిసీ ఆ సెట్టు దగ్గర పెట్టుకున్నా, మోసంతో సిమ్ము సంపాదించినా, ఆ చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, యాభై లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తక్కువకు వస్తోందని రిపేరు కొట్టులో నంబరు మార్చిన సెట్టు కొనేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక సిమ్ము సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇదివరకు సిమ్ము కొనాలంటే ఫారం నింపి, ఫొటో అతికించి, గుర్తింపు కార్డు జిరాక్సు ఇచ్చేవాళ్లం. ఆ జిరాక్సు ఎన్ని చేతులు మారేదో, దాని మీద ఎన్ని సిమ్ములు పుట్టేవో దేవుడికే తెలియాలి. 2024 జనవరి 1 నుండి ఆ కాగితపు పద్ధతి నిలిపివేశారు. ఇప్పుడు దుకాణంలో యంత్రం మీద వేలిముద్ర పెట్టడమో, కెమెరా ముందు నిలబడి ఫొటో దిగి అసలు కార్డు చూపించడమో చేయాలి. సిమ్ములు అమ్మేవారు కూడా కంపెనీ వద్ద పేరు నమోదు చేయించుకున్నవారై ఉండాలని 2023 డిసెంబరు నుండి నియమం పెట్టారు.

చాలామంది అడిగే మరో ప్రశ్న, ఆధార్ తప్పనిసరా అని. 2017లో అందరూ తమ నంబరును ఆధార్‌తో కలపాలని సందేశాలు వచ్చి, జనం దుకాణాల ముందు వరుసలు కట్టారు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆ బలవంతం చెల్లదని తీర్పు చెప్పింది. 2019లో చట్టం సవరించి, ఇష్టమైనవారు ఆధార్ ఇవ్వవచ్చునని పెట్టారు. అంటే ఆధార్ ఇవ్వవచ్చు, కాదంటే ఓటరు కార్డు వంటి ఇతర గుర్తింపు చూపించవచ్చు. ఆధార్ లేనిదే సిమ్ము లేదని ఎవరైనా అంటే, ఆ మాటకు చట్టంలో బలం లేదు.

మా బడిలో చదివే ఒక పిల్లవాడి తాతగారి సంగతి చెబుతాను. ఊరూ పేరూ అక్కరలేదు. ఆయన కొత్త సిమ్ము కోసం దగ్గరి పట్టణంలో ఒక దుకాణానికి వెళ్లారు. వేలిముద్ర పెట్టమన్నారు, పెట్టారు. “ముద్ర పడలేదు తాతా, చేయి తుడుచుకుని మళ్లీ పెట్టు” అన్నారు. మళ్లీ పెట్టారు. ఇంకోసారి అన్నారు, ఇంకోసారి పెట్టారు. సేద్యం చేసే చేతులు కదా, గీతలు అరిగిపోయి ఉంటాయి. నిజంగానే ముద్ర పడలేదేమో అనుకున్నారు. కొన్ని నెలల తర్వాత మనవడు బడిలో విన్నది ఇంటికి వెళ్లి చేసి చూపించాడు. తాత పేరున ఎన్ని సిమ్ములు ఉన్నాయో జాబితా తీశాడు. నాలుగు కనిపించాయి. ఒకటి తాత జేబులోది. ఒకటి బెంగళూరులో మేస్త్రీ పని చేసే కొడుకుది. మిగతా రెండూ ఎవరివో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ తాత నాతో అన్న మాట ఇది: “ఖాళీ కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దని మా నాయన చెప్పినాడమ్మా. ఇది కాగితం కాదు కదా అనుకున్న్యా.” ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. సిమ్ము అంటే సంతకం. ఆ సిమ్ముతో ఎవరు ఎవరిని మోసం చేసినా, ఎవరిని బెదిరించినా, పోలీసులు మొదట తట్టేది అందులో ఉన్న పేరుగల వారి తలుపునే. తర్వాత నిజం తేలవచ్చు. తేలేలోగా పడే తిప్పలు మాత్రం ఆ ఇంటివే.

ఆ మనవడు జాబితా ఎలా తీశాడో చెబుతాను. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ అనే వెబ్‌సైటు ఉంది. 2023 మే నెలలో దేశమంతటికీ ప్రారంభించారు. పేరు చివర డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉండాలి, అది చూసుకోండి. పేరున ఉన్న నంబర్లు తెలుసుకునే ఈ సౌకర్యం మాత్రం అంతకు ముందే, 2021లో, మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మొదలై తర్వాత మిగతా రాష్ట్రాలకు వచ్చింది. అందులో మీ పేరున ఉన్న మొబైల్ కనెక్షన్లు తెలుసుకునే చోట మీ నంబరు ఇవ్వాలి. మీ ఫోనుకు ఓ.టి.పి. వస్తుంది. అది వేస్తే మీ పేరున ఉన్న నంబర్ల జాబితా వస్తుంది. ఒక్కొక్క నంబరుకు ఎదురుగా మూడు మాటలు ఉంటాయి. ఇది నా నంబరు కాదు, ఇది నాకు అక్కరలేదు, ఇది నాకు కావాలి అని. మీది కానిదాన్ని నాది కాదు అని గుర్తించి పంపితే, కంపెనీ ఆ నంబరును తిరిగి పరిశీలిస్తుంది. వాడుతున్నవారు సరైన ఆధారాలు చూపకపోతే దాన్ని నిలిపివేస్తారు.

ఇక్కడ తొందర పడకూడదు. ఆ తాత బెంగళూరులో ఉన్న కొడుకు నంబరును నాది కాదు అని నొక్కి ఉంటే, పరాయి ఊళ్లో ఉన్న ఆ అబ్బాయి ఫోను ఆగిపోయేది. ముందు ఇంట్లో అందరినీ అడిగి, ఏది ఎవరిదో రాసుకుని, తర్వాతనే నొక్కాలి.

స్మార్టు ఫోను లేని పెద్దలు ఏం చేయాలి? వేరొకరి ఫోనులో వెబ్‌సైటు తెరిచి మీ నంబరు ఇవ్వవచ్చు. ఓ.టి.పి. మీ బొత్తాల ఫోనుకే వస్తుంది. అయితే ఆ అంకెలను ఇంటి పిల్లలకో, బాగా నమ్మకమైనవారికో మాత్రమే చెప్పండి, అదీ మీ కళ్ల ముందు పని జరుగుతున్నప్పుడే. దుకాణంలో వేలిముద్ర పెట్టేటప్పుడు పడలేదు అంటే, “ఏదీ, యంత్రం చూపించు” అని అడగండి. పక్కన చదువు వచ్చినవారిని ఒకరిని ఉంచుకోండి. ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకునే సౌకర్యం కూడా ఆధార్ సంస్థ ఇస్తోంది. అవసరమైనప్పుడు తెరిచి, మళ్లీ వేసుకోవచ్చు.

ఒక మనిషి పేరున తొమ్మిది సిమ్ములు మించి ఉండకూడదు. జమ్మూకాశ్మీరు, అస్సాం, ఈశాన్య రాష్ట్రాలలో ఆరు. హద్దు దాటితే మొదటిసారి యాభై వేల రూపాయల వరకు, మళ్లీ మళ్లీ చేస్తే రెండు లక్షల వరకు జరిమానా అని 2023 చట్టంలో ఉంది. తొమ్మిది చాలా ఎక్కువ కదా అనిపిస్తుంది. కానీ మన ఇళ్లలో లెక్క వేసి చూడండి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి సిమ్ము ఇవ్వరు కనుక పిల్లలవి తండ్రి పేరున. అమ్మకు కార్డు దొరకలేదని తండ్రి పేరున. బోరు మోటారు స్టార్టరుకు ఒకటి. కూలికి వచ్చిన బావమరిదికి ఒకటి. ఇలా ఒకే పేరున కుప్ప పడతాయి.

బావమరిది అన్నాను కనుక ఒక మాట. మనలో మొహమాటం ఎక్కువ. “నా కార్డు ఊళ్లో ఉండిపోయింది అన్నా, నీ పేరున ఒక సిమ్ము తీసి ఇవ్వు” అంటే కాదనలేం. ఇటుక బట్టీలకు, తోట పనులకు, కట్టడాల పనులకు రాష్ట్రం దాటి వచ్చేవారు ఇలా అడగడం మామూలు. అడిగేవారు మంచివారే కావచ్చు. కానీ పని అయిపోయాక వాళ్లు వెళ్లిపోతారు, సిమ్ము చేతులు మారుతుంది, పేరు మాత్రం మీదే ఉంటుంది. అన్నం పెట్టండి, ఇల్లు ఇవ్వండి, చేబదులు ఇవ్వండి, పేరు మాత్రం ఇవ్వకండి. వాళ్ల దగ్గర ఉన్న ఏ కార్డు చెల్లుతుందో చూసి, వాళ్ల పేరుననే సిమ్ము ఇప్పించండి. ఇది వాళ్లకూ మేలు. ఇప్పటికే ఇంట్లో ఒకరి పేరున ఉన్న నంబరు వేరొకరు వాడుతుంటే, ఇద్దరూ కలిసి కంపెనీ కేంద్రానికి వెళ్లి పేరు మార్పించుకోవచ్చు. కాలం చేసిన పెద్దల పేరున నడుస్తున్న నంబర్లను కూడా వారసులు తమ పేరున మార్పించుకోవడం మంచిది.

ఇక పేరు సంగతి. సరిహద్దు జిల్లాల వాళ్లకు ఇదొక ప్రత్యేకమైన తలనొప్పి. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్, ఇంటిపేరుకు చోటు లేదు. మహారాష్ట్రలో తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఒడిశాలో ఇంటిపేరు చివరకు పోతుంది. కర్ణాటకలో ఊరి పేరు, తండ్రి పేరు రెండూ ఇనీషియల్స్ అవుతాయి. దాంతో ఒకే మనిషి బడి సర్టిఫికెట్టులో ఒకరు, ఓటరు కార్డులో ఇంకొకరు, బ్యాంకులో మరొకరు. వెంకటేశులు అన్న పేరు కన్నడంలో రాసి, అక్కడి నుండి ఇంగ్లీషులోకి వెళ్లి, మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి వెంకటేశ్ అవుతుంది, వెంకటేశప్ప కూడా అవుతుంది. సిమ్ము మీద ఉండేది మీరు ఏ కార్డు చూపించారో ఆ కార్డులోని పేరు. రేపు ఫోను పోయి ఫిర్యాదు ఇచ్చేటప్పుడు కూడా అదే పేరు, అదే అక్షరాలతో రాయించండి. వీలైతే ఒక కార్డును సరిగా దిద్దించుకుని, అన్నిచోట్లా దాన్నే చూపించండి.

మనకే ఉన్న మరో అలవాటు రెండు రాష్ట్రాల సిమ్ములు. ఒకప్పుడు వాగు దాటితే రోమింగు చార్జీలు పడేవి కదా! అందుకని ఇటు ఒకటి, అటు ఒకటి పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఆ అవసరం తీరింది. 2015 జూలై నుండి రాష్ట్రం మారినా పాత నంబరునే కొత్త రాష్ట్రంలో కొనసాగించుకునే సౌకర్యం కూడా వచ్చింది. దాంతో రెండవ సిమ్ముకు డబ్బు వేయడం మానేస్తాం. కొన్నాళ్లకు అది ఆగిపోతుంది. ఆగిపోయిన నంబరును తొంభై రోజులు దాటాక కంపెనీ వేరొకరికి ఇవ్వవచ్చు. మరి ఆ పాత నంబరు బ్యాంకు ఖాతాకో, గ్యాసు కనెక్షనుకో, ఆధార్‌కో ఇచ్చి ఉంటే? మన ఖాతా ఓ.టి.పి.లు ముక్కూమొహం తెలియని మనిషికి పోతాయి. కాబట్టి నంబరు వదిలేసే ముందు బ్యాంకుకు వెళ్లి కొత్త నంబరు రాయించి, తర్వాతనే పాతదాన్ని వదలండి.

ఇప్పుడు ఫోను పోయిందనుకుందాం. మా వైపు టమాటా బండ్లు మదనపల్లె మార్కెట్టుకు పోతాయి. అక్కడి రద్దీలో ఒక రైతు జేబులో ఫోను మాయమైంది. ఆయన ఉండేది కర్ణాటకలో, పోయింది ఆంధ్రలో. ఏం చేయాలి?

మొదట ఎవరి ఫోనైనా అడిగి, తన కంపెనీకి చెప్పి సిమ్ము ఆపించాలి. డబ్బు పంపే యాప్‌లు ఉంటే బ్యాంకుకు కూడా చెప్పాలి. రెండవది, పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు తీసుకోవాలి. పోలీసు నేరుగా కేసు పెట్టదగిన నేరమైతే, అది ఎక్కడ జరిగిందన్న దానితో పనిలేకుండా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చునని 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతోంది. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. “ఇది మా రాష్ట్రంలో జరగలేదు” అని తిప్పి పంపడానికి ఆ నియమం ఒప్పుకోదు. మూడవది, అదే నంబరుతో కొత్త సిమ్ము తీసుకోవాలి. కొత్త సిమ్ముకు మొదటి ఇరవై నాలుగు గంటలు సందేశాలు రావు, కంగారు పడనక్కరలేదు. నాలుగవది, సంచార్ సాథీలోనే పోయిన ఫోనును అడ్డుకునే విభాగం ఉంది, దాన్ని సి.ఇ.ఐ.ఆర్. అంటారు. అందులో ఫోను నంబరు, ఆ పదిహేను అంకెల సెట్టు నంబరు, పోయిన చోటు, తేదీ నింపి, ఫిర్యాదు నకలు, గుర్తింపు కార్డు జత చేయాలి. బిల్లు ఉంటే అదీ పెట్టాలి. ఒక రిక్వెస్టు నంబరు ఇస్తారు. దాన్ని రాసి పెట్టుకోవాలి.

దీనివల్ల ఏమవుతుంది? ఆ సెట్టు దేశంలో ఏ కంపెనీ సిమ్ముతోనూ పని చేయదు. దొంగ తెచ్చింది మదనపల్లెలో, అమ్మింది హోసూరులో, కొన్నది నాందేడులో అయినా ఫలితం ఒకటే. ఎవరైనా అందులో వేరే సిమ్ము పెట్టి చూస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. ఫోను దొరికాక అదే వెబ్‌సైటులో అడ్డు తొలగించుకోవాలి. ఇదంతా జరగాలంటే ఆ పదిహేను అంకెలు మీ దగ్గర ఉండాలి. కేలండరు మీద రాయమన్నది అందుకే.

సంతలో పాత సెట్టు కొనేవారికి ఒక జాగ్రత్త. కొనే ముందు స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కి నంబరు చూడండి. మీ ఫోను నుండి ఒక సందేశం పంపండి. ఇంగ్లీషు అక్షరాలలో కె, వై, ఎమ్ అని రాసి, కొంచెం ఖాళీ వదిలి, ఆ పదిహేను అంకెలూ వేసి, 14422 నంబరుకు పంపండి. ఆ సెట్టు ఏ కంపెనీది, ఏ రకం, దాని మీద అడ్డు ఉందా అన్నది జవాబులో వస్తుంది. జవాబులో చెప్పిన రకం ఒకటి, చేతిలో ఉన్న రకం ఇంకొకటి అయితే ఆ సెట్టు ముట్టుకోవద్దు. అమ్మేవారి వద్ద బిల్లు అడగండి. బిల్లు లేకుంటే కనీసం చీటీ మీద పేరు, సెట్టు నంబరు రాయించి సంతకం పెట్టించుకోండి.

చివరగా మోసపు ఫోన్ల గురించి. “టెలికాం శాఖ నుండి మాట్లాడుతున్నాం, మీ ఫోను రిజిస్టరు కాలేదు, రెండు గంటల్లో కట్ చేస్తాం, తొమ్మిది నొక్కండి” అని ఫోన్లు వస్తుంటాయి. తెలుగులోనే మాట్లాడతారు, కన్నడంలోనూ, తమిళంలోనూ మాట్లాడతారు. అది అబద్ధం. టెలికాం శాఖ గానీ, ట్రాయ్ గానీ అలా ఎవరికీ ఫోను చేసి బెదిరించదు. మన నంబరును ఆపించే పనిమీద వీడియోలో పోలీసు వేషంలో కూర్చునే అధికారి ఎవరూ లేరు. ఫోను పెట్టేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు చెప్పండి. డబ్బు పోకపోయినా, అనుమానం కలిగిన ఫోను గురించి సంచార్ సాథీలోని చక్షు అనే విభాగంలో తెలియజేయవచ్చు.

ఈ సంచార్ సాథీకి 2025 జనవరిలో యాప్ కూడా వచ్చింది. ఆ ఏడాది నవంబరు చివర, కొత్త సెట్లన్నింటిలో దాన్ని ముందే పెట్టి అమ్మాలని కంపెనీలకు ఆదేశం ఇచ్చారు. మన సొంత విషయాల మీద నిఘా అవుతుందేమోనని చాలామంది అభ్యంతరం చెప్పారు. డిసెంబరు 3న ప్రభుత్వం ఆ నిర్బంధాన్ని ఉపసంహరించుకుంది. కాబట్టి యాప్ పెట్టుకోవడం, మానడం మన ఇష్టం. యాప్ లేకుండానే వెబ్‌సైటులో ఈ పనులు చేసుకోవచ్చు. తెలుగులో కూడా చదువుకోవచ్చు. మనం ఏ రాష్ట్రంలో ఉన్నా అక్కడి భాషలోనే చదవాలన్న నిర్బంధం అక్కడ లేదు.

శ్రోతలారా! ఈ వారం ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఒక పని చేయండి. బడికి పోయే పిల్లలను పిలిచి, ఇంట్లో ఉన్న ప్రతి సెట్టు నంబరూ ఒక కాగితం మీద రాయించండి. పక్కనే ఆ సిమ్ము ఎవరి పేరున ఉందో రాయించండి. తర్వాత పెద్దవాళ్ల పేరున ఉన్న నంబర్ల జాబితా తీయించి, ఈ కాగితంతో సరిచూడండి. లెక్క కుదిరితే సంతోషం. ఒక్క నంబరు ఎక్కువ కనిపించినా దాని సంగతి తేల్చుకోండి. అవ్వకూ తాతకూ ఆస్తిగా మిగిలేది మంచి పేరు ఒక్కటే. దాన్ని ఎవరో వాడుకుంటుంటే చూస్తూ ఊరుకోవద్దు.